ఇంకా బడి ఈడు రాని పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖ మా దగ్గర చదివే పిల్లల గురించి కాదు, ఇంట్లో ఉన్న వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళ గురించి.

ముందు మా తప్పొకటి చెప్పుకోవాలి. ఒకటో తరగతిలో ఒక బాబు పిలిస్తే పలికేవాడు కాదు. పెన్సిల్ తీయమంటే పక్కవాడి చేతుల వంక చూసి, వాడు తీశాక తనూ తీసేవాడు. మూడు నెలలు మేం రిజిస్టర్‌లో రాసింది ఒక్కటే: 'శ్రద్ధ లేదు'. ఎదురుగా నిలబడి పిలిస్తే పలుకుతున్నాడు, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదని పట్టుకున్నది మా ఆయమ్మ. డాక్టరుకు చూపిస్తే కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. వైద్యంతో వినికిడి వచ్చింది గానీ, పసితనంలో చెవిన పడకుండా పోయిన మాటలు నేర్పడానికి ఏడాది పట్టింది. వాళ్ళమ్మకు ముందే అనుమానం ఉందట. పైకి అంటే పెంపకాన్ని తప్పు పడతారని ఊరుకుందట.

అందుకని ఈ నెల నుంచి 3 ఏళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకు మా టీచర్ వారానికో గంట వస్తారు. తనిఖీకి కాదు, ఇల్లు సర్దిపెట్టే పనే లేదు. పాపాయితో ఆడతారు, మీ చేత ఆడిస్తారు.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. 1980ల్లో జమైకాలో ఎదుగుదల తగ్గిన పిల్లలున్న పేద ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారం వారం వెళ్ళారు. పట్టుకెళ్ళింది పారేసే వస్తువులతో చేసిన బొమ్మలే. 20 ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి ఆటలు అందని పిల్లలకన్నా 25 శాతం ఎక్కువ. అదనపు పోషకాహారం మాత్రమే అందిన పిల్లల్లో అంత తేడా నిలవలేదు.

'పిల్లలతో సమయం గడపండి' అని చెప్పడం తేలికే. తెల్లారకముందే పనికెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాళ్ళకు అది వెక్కిరింతలా ఉంటుంది. పగలు నాయనమ్మో, పక్కింటావిడో చూసుకుంటుంటే టీచర్ వాళ్ళతోనే కూర్చుంటారు. మీకు మిగిలేది స్నానం చేయించే పది నిమిషాలైతే, 'చెయ్యేదీ, కాలేదీ' అని అడుగుతూ నీళ్ళు పోయండి.

ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకండి. 'వాడే నేర్చుకుంటాడులే' అని ఎవరన్నా సరే, మాతో ఒక మాట చెప్పండి.

లేఖ అడుగున చీటీ ఉంది. పాపాయి వయసు, మీకు వీలైన వేళ రాసి పంపండి. రాయడం ఇబ్బందైతే గేటు దగ్గర ఆయమ్మకు చెప్పినా చాలు. ఆవిడ చెబితే ఇప్పుడు మేం వెంటనే వింటున్నాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు