పెళ్ళిపీటల మీద ఇత్తడి పట్టీ లేస్తోంది, తప్పు మాదే

కార్తీకం నుంచి సంక్రాంతి లోపు మా దగ్గర టేకు పెళ్ళిపీటలు తీసుకున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. పోయిన నెల ఒక కస్టమరు ఫొటో పంపారు. పీటలో పొదిగిన ఇత్తడి పట్టీ ఒక మూల పైకి లేచింది, దానికి పెళ్ళికూతురి పట్టుచీర దారం చిక్కుకుని జానెడు సాగి ఉంది. చీర రఫూ ఖర్చు మేమే ఇచ్చాం కానీ, ఆ ఫొటో చూశాక రెండు రోజులు పని మీద మనసు నిలవలేదు. మేమే ఫోన్లు చేసి కనుక్కుంటే ఇంకో మూడు ఇళ్ళల్లోనూ అదే మూల లేచింది.

మొదట జిగురు మీద అనుమానపడ్డాం. కాదు. టేకు ఎంత ఆరబెట్టినా వానల్లో కాస్త ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది, అదీ పొడవునా కాదు, వెడల్పు వైపు. 14 అంగుళాల పీటకి మిల్లీమీటరు పైనే తేడా వస్తుంది. ఇత్తడికి ఆ గుణం లేదు. పని త్వరగా తెములుతుందని, వెడల్పు వైపు పొదిగే అడ్డపట్టీని ఒకే ముక్కగా కోసి బిగించాం, చెక్క దగ్గరికి లాగేసరికి పోవడానికి చోటు లేక అది పైకి లేచింది.

ఇకమీదట అడ్డపట్టీ రెండేసి అంగుళాల ముక్కలే, మధ్యలో పోస్టుకార్డు మందం సందు వదిలి మైనం నింపుతాం. పీటలో పొదిగే ఇత్తడి పద్మాల రేకులు మళ్ళీ చేత్తోనే కోస్తున్నాం, కంసాలి వాడే సన్న రంపంతో. బ్లేడు నిట్టనిలువుగా ఉండాలి, చెయ్యి కాస్త బరువు పడితే టప్పున తెగుతుంది, అంచుల్ని ఆకురాయితో కింది వైపుకి కొద్దిగా ఏటవాలుగా రాస్తేనే ముక్క గాడిలో బిగుసుకుని కూర్చుంటుంది. ఎనిమిది రేకుల పద్మానికి ఒక పూట పడుతోంది. మెషీన్‌తో అరగదీస్తే ఇత్తడి వేడెక్కి కింద ఎపాక్సీ జిగురు మెత్తబడుతుంది కాబట్టి అదీ చేత్తోనే.

అందుకే కొత్త ఆర్డర్లకి పది రోజులు కాదు, మూడు వారాలు, ధర జతకి 400 రూపాయలు ఎక్కువ. ఇప్పటికే బుక్ చేసినవాళ్ళకి పాత ధరే. శ్రావణం ముహూర్తాలకి కావాలంటే ఈ నెలాఖరులోపు చెప్పండి, ఆ తర్వాత మాటివ్వలేను.

పాత పీటలు ఉచితంగా బాగుచేసిస్తాం, రానుపోను రవాణా మాదే. అడ్డపట్టీ మీద గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి గీసి చూడండి, గోరు ఆగితే ఆ చోటు ఫొటో తీసి వాట్సాప్ చేయండి, మేం వచ్చి తీసుకెళ్ళేదాకా ఎవరినీ దాని మీద కూర్చోనివ్వకండి.