పాస్‌బుక్ ఉంటే కేసు గెలిచినట్టేనా?

సంపాదకులు గారికి నమస్కారం,

భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది, దాని మీద మీ పేపర్లో రోజూ వార్తలొస్తున్నయి, మంచిదే. కానీ కోర్టుల్లో ఏళ్లకేళ్లు నానుతున్న టైటిల్ కేసుల (భూమి హక్కు ఎవరిదో తేల్చే కేసుల) గురించి ఎవరూ రాస్తలేరు.

మా బావ వాళ్ల పొలంలో పక్క పట్టాదారు కడీలు పాతబోతే లాయర్ ఇంజంక్షన్ సూట్ (అవతలోడు పొలం జోలికి రావొద్దని ఆపే దావా) ఒక్కటే వేసిండు. ఎందుకంటే డిక్లరేషన్ (భూమి హక్కు మాదేనని కోర్టు తేల్చి చెప్పుడు) కూడా అడిగితే మార్కెట్ విలువ లెక్కన కోర్టు ఫీజు పడ్తది, ఇంజంక్షన్‌కైతే తక్కువలో అయిపోతది. పాస్‌బుక్, పహాణీ (పట్టా, సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డు) జిరాక్సులు పెట్టిర్రు, కింది కోర్టులో గెలిచిర్రు, ఊర్లో స్వీట్లు పంచుకున్నరు. అప్పీల్లో జడ్జిగారు ఒక్కటే అడిగిండు, అవతలాయన కూడా సేల్ డీడ్ చూపిస్తున్నడు కదా, మరి ముందు హక్కు తేల్చమని ఎందుకు అడగలేదు అని. కింది కోర్టు ఇచ్చిన డిక్రీ కొట్టేసిర్రు. ఇప్పుడు కొత్తగా డిక్లరేషన్ వేద్దామంటే దావా వేసేందుకున్న మూడేళ్ల గడువు (లిమిటేషన్) దాటిపోయిందని అవతలి లాయర్ కాచుకొని కూచున్నడు.

ఇదేం కొత్త రూల్ కాదు. వరంగల్ మట్టెవాడ స్థలం కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది, టైటిల్ మీదే అసలు గొడవ ఉంటే ఉత్త ఇంజంక్షన్ సరిపోదని. 2014లో సికింద్రాబాద్ కాకగూడ భూమి కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: దావా వేసినోడు తన కాగితాల బలంతోనే గెలవాలి, అవతలోడి కాగితాల్లో లొసుగులు చూపిస్తే చాలదు, రెవెన్యూ రికార్డుల్లో పేరున్నంత మాత్రాన హక్కు రాదు అని. అక్కడ దావా వేసిన హౌసింగ్ సొసైటీ కింది కోర్టులో, హైకోర్టులో గెలిచి కూడా సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

కింది కోర్టులో పెట్టని కాగితాలు అప్పీల్లో పెడ్తం తియ్ అనుకుంటరు చాలామంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కింద కొత్త కాగితం పెట్టాలంటే, ఎంత వెతికినా అప్పుడు దొరకలేదనో, కింది కోర్టే తీసుకోలేదనో చూపించాలి, లేకపోతే తీర్పుకు ఆ కాగితం కావాలని జడ్జికే అనిపించాలి. సెకండ్ అప్పీల్ అయితే ఇంకా కష్టం, చట్టానికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఉంటేనే హైకోర్టు వింటది, సాక్ష్యాలు మళ్లీ తిరగేయదు. అంటే కాగితాలన్నీ మొదటి రోజే ఉండాలి, సేత్వార్ (మొదటి సర్వేనాటి భూమి రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి పాత పహాణీ), లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల సర్టిఫికెట్) అన్నీ, అవి కూడా ఆఫీసు ముద్రతో ఇచ్చే సర్టిఫైడ్ కాపీలు.

అవెక్కడ దొరుకుతయో రైతుకు చెప్పేటోడు లేడు. మండల న్యాయసేవా సంఘం వాళ్లు దావా వేయకముందే కాగితాలు చూసి, ఇంజంక్షన్ చాలదు, డిక్లరేషన్ కూడా వేయమని చెప్తే సగం కేసులు అప్పీల్లో నిలబడ్తయని నా నమ్మకం. తహసీల్దార్ ఆఫీసులో సేత్వార్ నకలు అడిగితే రేపు మాపు అంటరు, రిజిస్టర్ చినిగిపోయింది అంటరు. సరే, లేకపోతే లేదనే రాసి సంతకం పెట్టి ఇయ్యుర్రి, ఆ కాగితం ఉంటే జిరాక్సునైనా కోర్టులో సెకండరీ ఎవిడెన్స్‌గా (అసలు కాగితం బదులు సాక్ష్యంగా) పెట్టనీయమని అడగొచ్చు. అది కూడా ఇయ్యరు. కలెక్టర్ గారు కనీసం దీనికన్నా ఒక గడువు పెట్టాలె.

— ఒక పాఠకుడు, హనుమకొండ