చందుర్తి యుద్ధంలో చనిపోయినవాళ్ళకు ఏటా ఒక పూట

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు దగ్గర పడుతోంది. 1758 డిసెంబరులో మా గొల్లప్రోలు మండలం చెందుర్తి పొలాల్లో ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరిగిన యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ఏటా ఒక పూట సంస్మరణ సభ జరపాలనీ, దానికి ఊరి పంచాయతీయే పూనుకోవాలనీ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. పుస్తకాల్లో దీన్ని చందుర్తి యుద్ధం అంటారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అదొక బిట్టు ప్రశ్న. జవాబు గుర్తుపెట్టుకున్న పిల్లలకు కూడా ఆ చందుర్తి పిఠాపురం పక్కనే ఉందని తెలియదు.

బొబ్బిలి కథ తెలియని తెలుగువాడు ఉండడు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కూల్చడం, తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజును పొడిచి చంపడం బుర్రకథలవాళ్ళు ఊరూరా చెప్పారు. వాళ్ళ కథ అక్కడితో అయిపోతుంది గానీ, జరిగింది అక్కడితో అయిపోలేదు. తర్వాత విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. మరుసటి ఏడు ఫ్రెంచివాళ్ళ పెద్ద అధికారి లాలీ బుస్సీని దక్షిణాదికి పిలిపించుకోగానే, ఆనంద గజపతిరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. మద్రాసువాళ్ళు మావల్ల కాదన్నారు. కలకత్తాలో ఉన్న క్లైవు మాత్రం సరేనని కర్నల్ ఫోర్డును ఓడలెక్కించి పంపాడు. కశింకోట దగ్గర బేరం కుదిరింది. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇచ్చుకోవాలి.

ఆ సైన్యంలో ఎవరెవరున్నారో చూడండి. ఫోర్డు వెంట తెల్లవాళ్ళు 470 మంది, బెంగాలు నుంచి తెచ్చిన సిపాయిలు 1,900 మంది. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ దగ్గర తెల్లవాళ్ళు 500 మంది, సిపాయిలు 6,000 మంది. రాజుగారి కాలిబలం 3,000. వాళ్ళలో కొందరి చేతుల్లో నాటు తుపాకులు, మిగతావాళ్ళకు ఈటెలూ విల్లంబులూ. ఇవి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు రాసిపెట్టుకున్న లెక్కలు కాబట్టి శత్రువు బలాన్ని కాస్త పెంచి ఉంటారు. ఎంత తగ్గించి చూసినా, ఆ రోజు ఆ పొలాల్లో నిలబడ్డ పదిమందిలో తొమ్మిదిమంది ఈ దేశంవాళ్ళే.

యుద్ధం ఎలా గెలిచారన్నది కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషువాళ్ళ తెల్లదళానికి ముందు మనిషెత్తు పెరిగిన పైరు ఉంది. దాని వెనక ఉన్నవాళ్ళు ఫ్రెంచివాళ్ళకు కనపడలేదు. ఎడమ పక్కన నిలబడ్డ బెంగాలు సిపాయిలు తొడుక్కున్నవి ఎర్రకోట్లు. జెండాలు ఎగరేయవద్దని వాళ్ళకు ముందే హుకుం. ఆ ఎర్రకోట్లు చూసి తెల్లదళం ఇదేననుకుని ఫ్రెంచివాళ్ళు తమ బలమంతా వాళ్ళ మీదికే తోశారు. సిపాయిలు తట్టుకోలేక చెదిరిపోయారు. తరుముకుంటూ వచ్చినవాళ్ళను పైరు వెనక ఉన్న దళం పక్కనుంచి కాల్చేసింది. పన్నాగం ఫోర్డుది, గుండ్లు తిన్నది సిపాయిలు. ఆ పోరులో నేలకొరిగిన ఇంగ్లీషు కెప్టెన్ పేరు ఆడ్నెట్ అని పుస్తకాల్లో దొరుకుతుంది. ఆయన ఎడమ పక్కన పడిపోయిన సిపాయి పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఓడిపోయిన కాన్‌ఫ్లాన్ సంగతి మాత్రం వివరంగానే ఉంది. ఖజానాను ఒంటెల మీద ముందే సాగనంపి, దారిలో గుర్రాలు మార్చుకుంటూ అర్ధరాత్రికల్లా రాజమండ్రి చేరాడట.

రాజుగారి బలగం ఎండిపోయిన చెరువు గుంటలో నక్కి కూర్చుందని కంపెనీ చరిత్రకారులు వెక్కిరింతగా రాశారు. ముప్పై ఫిరంగులు పేలుతుంటే ఈటె పట్టుకుని ఎదురుపోనివాడిని పిరికివాడని నేనైతే అనను. తమది కాని కొట్లాటకు రాజు బలవంతాన తోలుకొచ్చిన రైతుకూలీలు వాళ్ళలో ఎందరుండి ఉంటారో!

ఆ తర్వాతి సంగతులు పుస్తకాల్లో ఉన్నవే. 1759 ఏప్రిల్లో ఫోర్డు మచిలీపట్నం కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. హైదరాబాదు నిజాం సలాబత్ జంగు ఫ్రెంచివాళ్ళను వదిలి ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. 1766లో ఆయన తర్వాతి నిజాం అలీతో సంధి అయ్యేసరికి గుంటూరు తప్ప ఉత్తర సర్కారులన్నీ, అంటే కోస్తా జిల్లాలన్నీ, కంపెనీ చేతికి వచ్చాయి, 1788లో అదీ వచ్చింది. కోస్తాలో 1947 దాకా సాగిన తెల్లవాళ్ళ ఏలుబడికి తొలి పెద్ద మెట్టు చెందుర్తి పొలాల్లోనే పడింది. ప్లాసీకి ఉన్న పేరులో నూరోవంతు కూడా దీనికి లేదు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "డబ్బుల కోసం పరాయివాడి తరపున కొట్టుకున్నోళ్ళకి దండలేంటండీ?" తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. వాళ్ళు దేశం కోసం చనిపోలేదు. దేశమనే ఊహే అప్పటికి లేదు. జీతం కోసం, బత్తెం కోసం, కొందరు రాజాజ్ఞ తప్పక వచ్చారు. అందుకే నేను అడుగుతున్నది వీరపూజ కాదు. ఎవరి శౌర్యాన్నీ పొగడనక్కర్లేదు, విజయోత్సవమని పేరు పెట్టనే కూడదు. గెలిచింది కంపెనీ అయినప్పుడు మనకు ఉత్సవం ఏమిటి? ఊరి పొలిమేరలో ఇంతమంది దిక్కులేని చావు చచ్చారని ఊరు ఒప్పుకోవడం, ఒక పూట తలుచుకోవడం, అంతే.

ఈ ప్రాంతానికి అది కొత్త పద్ధతి కూడా కాదు. పిఠాపురం పాదగయ క్షేత్రం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి జనం తమ పెద్దలకు పిండాలు పెట్టుకునే చోటు. అయినవాళ్ళకే కాదు, ఎవరూ లేనివాళ్ళకు కూడా నీళ్ళు వదిలే ఆచారం మనకుంది. అక్కడికి కూతవేటు దూరంలో కాకపోయినా ఒక చిన్న బస్సు ప్రయాణంలో ఉన్న పొలాల్లో, సముద్రం మీదుగా వచ్చి పడిపోయిన బెంగాలు సిపాయిలున్నారు. వాళ్ళ ఊళ్ళకు కబురైనా చేరిందో లేదో. వాళ్ళలో హిందువులుంటారు, ముసల్మానులుంటారు, తెల్లవాళ్ళు సరేసరి. కాబట్టి సభలో ఏ ఒక్క మతం తంతూ వద్దు. మౌనం పాటిస్తే చాలు. ఇంటి దగ్గర ఎవరి పద్ధతిలో వాళ్ళు చేసుకుంటారు.

పరాయి దేశాలవాళ్ళు తమ వంతు మరిచిపోలేదు. ఐర్లండుకు చెందిన రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే పటాలం, 1922లో రద్దయ్యేదాకా, తన యుద్ధ గౌరవాల జాబితాలో ప్లాసీ పక్కనే ఈ యుద్ధం పేరును 'కాండోర్' అని మోసింది. పుదుచ్చేరి బీచి రోడ్డులో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి ఇండియా సైనికులకు స్మారకముంది, అక్కడ ఇప్పటికీ పూలగుచ్ఛాలు పెడతారు. మహారాష్ట్రలో భీమా కోరేగావ్ స్తంభం మీద 1818లో చనిపోయిన సిపాయిల పేర్లు చెక్కి ఉన్నాయి. మన చెందుర్తివాళ్ళ పేర్లు చెక్కాలన్నా దొరకవు గనుక పేర్లు లేని రాయే పెట్టుకోవాలి.

ఇక జరిపే తీరు. తేదీ విషయంలో పుస్తకాలు ఒక మాట మీద లేవు. కొన్ని 7 అంటాయి, కొన్ని 9 అంటాయి. దానికోసం పేచీ పడేకన్నా డిసెంబరు రెండో ఆదివారం ఖాయం చేసుకుంటే బడిపిల్లలు, ఉద్యోగులు రాగలుగుతారు. కోతల రోజులు కాబట్టి పొద్దున వద్దు, మధ్యాహ్నం మూడు దాటాక పెట్టుకోవాలి. గంటకు మించకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ మాజీ సైనికులను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ప్రసంగాలు రెండు చాలు, అందులో ఒకటి హైస్కూలు పిల్లలది. నాయకులు వస్తే సంతోషమే, కానీ ఫ్లెక్సీలు వద్దు. ఫ్లెక్సీ ఒకటి లేచిందంటే మరుసటి ఏటికి పార్టీకొక సభ, కులానికొక సభ అవుతుంది. విజయనగరం రాజుల పక్షం, బొబ్బిలి పక్షం అంటూ పాత పగలు తవ్వేవాళ్ళకు మైకు ఇవ్వకూడదు.

ఖర్చు పెద్దగా ఉండదు. ఒక నల్లరాయి, దాని మీద తెలుగులో మూడు వాక్యాలు: ఎప్పుడు, ఎవరెవరి మధ్య, ఎవరు చనిపోయారు. అడుగున అవే వాక్యాలు హిందీ, ఉర్దూ, బెంగాలీ, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో. దానికి పంచాయతీ స్థలం రెండు సెంట్లు చాలు. 216 జాతీయ రహదారి మీద, చేబ్రోలు దగ్గర, యుద్ధభూమికి దారి చూపే బోర్డు ఒకటి పెట్టమని కాకినాడ జిల్లా కలెక్టరుగారిని కోరుతున్నాను. కొడవలి కొండ మీది బౌద్ధ శిథిలాలకు కూడా అదే బోర్డులో చోటిస్తే రెండు పనులూ ఒక్క ఖర్చుతో తీరతాయి.

రాయి ఈ ఏడు కుదరకపోయినా ఫరవాలేదు. సభకు మాత్రం షామియానా, నాలుగు బల్లలు, మంచినీళ్ళు చాలు. ఈ నెల గ్రామసభలో తీర్మానం పెడితే రెండో ఆదివారానికి బోలెడంత వ్యవధి ఉంది.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గొల్లప్రోలు, కాకినాడ జిల్లా