పందెం కాజాలు

మాంచెస్టర్,
శనివారం

ఒరేయ్ సుబ్బూ,

రెండు ఉత్తరాలు రాసినా పలకలేదని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. క్షమించరా, అన్నీ నైట్ డ్యూటీలే. అమ్మకి మోకాలు నయం, బుడ్డోడు బళ్లో చేరాడు, ఇక్కడ వాన. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం బయట వేసుకున్న పందెం గుర్తుందా? దొరగారి తాతముత్తాతలు పత్తి వ్యాపారులని, అందుకే ఆ ఇంటిపేరని మన లెక్కల మేష్టారి గొంతు పెట్టి ఉపన్యాసం దంచావు కదా. ఓడిపోయావురా! బట్టల కాటన్ అరబ్బీ వాళ్ల 'కుతున్', ఫ్రెంచి వాళ్ల మీదుగా వచ్చింది. ఇంటిపేరు కాటన్ అచ్చంగా పాత ఇంగ్లీషు. 'కాట్' అంటే గుడిసె, 'కోటుమ్' అంటే గుడిసెల దగ్గర. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, కేంబ్రిడ్జి పక్కన కోటన్, ఇలా ఆ పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చాక మూడు నాలుగు వందల ఏళ్లలో ఇంటిపేర్లు మెల్లగా స్థిరపడ్డాయి. ఊరు వదిలి వచ్చినవాణ్ణి గుమాస్తా 'ఫలానా కోటన్ వాడు' అని రాసుకుంటే అదే వంశానికి అంటుకుంది. తాడేపల్లిలో ఉన్నంతకాలం ఎవణ్ణీ తాడేపల్లి వాడనరు కదా, అలాగే.

తమాషా ఏంటంటే, పేరుకి గుడిసెలు గానీ వీళ్ల కాపురం చెషైర్‌లోని కోంబర్‌మియర్ మఠంలో! 1133లో సన్యాసుల కోసం కట్టింది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలు మూయించి, దాన్ని జార్జ్ కాటన్ చేతిలో పెట్టాడు. మన ఆర్థర్ దొర ఆ వంశమే. వాళ్ల నాన్నగారిది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌కోట్ హౌస్. చూశావా, అందులోనూ గుడిసే!

నవ్వుతూ మొదలుపెట్టాను గానీ మీ తాతగారు గుర్తొచ్చారు. పుష్కరాల్లో తనవాళ్లందరికీ పిండాలు పెట్టి, చివర్న కాటన్ దొరకీ ఒకటి పెట్టేవారు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే మా పొలాలకి నీళ్లని, ఆ రుణం తీరేది కాదని అనేవారు. ఆ పిండానికి గోత్రం ఏం చెప్పేవారో అడుగుదామనుకుంటూనే... సరేలే.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. మహారాష్ట్ర వైపు బేరారు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దింపాలని దొర పట్టుబట్టాడు, ఈ మాంచెస్టర్ మిల్లుల వాళ్లూ వంత పాడారు, కాబట్టి పత్తి సంబంధం ఉన్నట్టే అంటావు. అది 1860ల ముచ్చట, ఇంటిపేరుది కాదు. తొండి చెయ్యకు. తాపేశ్వరం మడత కాజాలు, కిలో, నేతివి. ఆ కొట్టువి వద్దు, ఎందుకో నీకూ నాకూ తెలుసు. గీతకి ఈ పందెం సంగతి మాత్రం

బస్సు వచ్చేసింది. మళ్లీ రాస్తా.

నీ,
శీను