అనాథ కుక్కపిల్లలను ఖైదీల సంరక్షణకు ఇవ్వండి: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ హోం, జైళ్ల శాఖల మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

తల్లిని కోల్పోయిన వీధి కుక్కపిల్లలను ఓపెన్ జైలులో, అంటే మంచి నడవడిక గలవారిని తక్కువ కాపలాతో ఉంచే జైలులో, ఖైదీల చేత సాకించాలన్న మా ప్రతిపాదన తమ పేషీకి కొత్తది కాదు. మేమిచ్చిన వినతిపత్రం ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి అభిప్రాయం కోసం వెళ్తూనే ఉంది. జంతువుల సంగతి తమది కాదని ఒకరు, జైలు గోడ లోపలి సంగతి తమది కాదని మరొకరు తిప్పి పంపుతున్నారు. కుదరదని ఎవరూ అనలేదు, కానివ్వండని కూడా ఎవరూ అనలేదు.

ఈ జాప్యానికి బలవుతున్నవి కుక్కపిల్లలే. తల్లి లారీ కింద పడి చనిపోతే, కళ్లు తెరిచీ తెరవని పిల్లలకు రాత్రనక పగలనక 3 గంటలకోసారి పాలు పట్టాలి. బోర్లా ఉంచే పట్టాలి, వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపైన గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొట్ట కింద తుడిస్తే తప్ప మూత్రం కూడా పోయలేవు. 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా విడతలుగా పార్వో అనే ప్రాణాంతక వైరస్ వ్యాధి రాకుండా టీకాలు వేయించాలి. అంతవరకు వాటిని వేరుగా ఉంచాలి. పెద్ద కుక్కలతో కిక్కిరిసిన షెల్టరులో వదిలితే ఆ వ్యాధి సోకి, నెత్తుటి విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లోనే పోతాయి. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి కుక్కలను షెల్టర్లకు తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక అక్కడ పసి కుక్కపిల్లలకు చోటెక్కడ దొరుకుతుంది? మా కార్యకర్తల్లో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఇంట్లో ఒకటో రెండో సాకగలం, అంతకు మించి మా వల్ల కావడం లేదు.

ఓపిక, సమయం ఉన్న మనుషులు జైళ్లలో ఉన్నారు. చర్లపల్లి, అనంతపురం ఓపెన్ జైళ్లలో ఖైదీలు సేద్యం చేస్తున్నారు, పశువులను చూసుకుంటున్నారు. ఈనిన గేదెను కనిపెట్టుకుని ఉండగల మనిషి కుక్కపిల్లకు పాలు పట్టలేడా? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర మహిళా జైలులో 1981లోనే ఖైదీలు కుక్కలకు శిక్షణ ఇవ్వడం ప్రారంభించారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1997 నుంచి ఖైదీలు కుక్కపిల్లలను తమ గదుల్లోనే పెంచి, సహాయక కుక్కలుగా తీర్చిదిద్దుతున్నారు. అక్కడ సాగుతున్న పని ఇక్కడ అసాధ్యమని మేము అనుకోవడం లేదు.

కుక్కపిల్ల కరిస్తే బాధ్యత ఎవరిదని అధికారులు అడిగారు. అది సరైన ప్రశ్న, దానికి వినతిపత్రంలోనే జవాబు రాశాం. ఇష్టపడి ముందుకొచ్చిన ఖైదీలనే తీసుకుని, వారికి ముందస్తుగా రేబిస్ టీకా వేయించవచ్చు. జంతువులను హింసించిన చరిత్ర ఉన్నవారిని పక్కన పెట్టాలి. పాలు, మందులు, టీకాల ఖర్చు మేమే భరిస్తామని, పెరిగిన కుక్కపిల్లలను దత్తత ఇచ్చే పూచీ కూడా మాదేనని రాశాం. ప్రభుత్వ ఖజానా నుంచి మేము ఒక్క రూపాయి అడగలేదు.

అయ్యా, ఒక్క ఓపెన్ జైలులో, ఒక్క గదిలో, కొద్దిమంది ఖైదీలతో ఆరు నెలలు చేసి చూడనివ్వండి. పశువైద్యుడు వారం వారం వచ్చి చూసేందుకు అనుమతి ఇప్పించండి. వర్షాకాలం వస్తే పార్వో మళ్లీ విజృంభిస్తుంది. ఈలోపు అనుమతి ఇవ్వండి, ఇవ్వలేకపోతే కారణమేమిటో తమ సంతకంతో తెలియజేయండి. ఇంకొక శాఖ అభిప్రాయానికి మాత్రం పంపవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాం.

ఇట్లు,
వీధి కుక్కపిల్లలను సాకుతున్న ఒక కార్యకర్త