సర్కారు బడి కంప్యూటర్ల గురించి విద్యాశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సర్,

నేను హైదరాబాద్ పాతబస్తీలో ఒక సర్కారు హైస్కూల్లో చదివే పాప తండ్రిని. ఆఫీసుకొచ్చి అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు, అందుకే అందరి ముందు రాస్తున్నా.

మా బడిలో కంప్యూటర్ ల్యాబ్ ఉంది కానీ తాళం తీయరు, సగం సిస్టమ్‌లు ఆన్ కావు, యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, రిపేర్ ఎవరు చేయాలో హెడ్‌మాస్టర్ గారికే తెలీదు. కేంద్రం బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐసీటీ పథకం పెట్టింది 2004లో, 2018లో అది బడి చదువుల పెద్ద పథకం సమగ్ర శిక్షలో కలిసింది, ఇన్నేళ్లయినా కొనడానికి ఉన్న శ్రద్ధ చూసుకోడానికి లేదు.

పనులు మాత్రం అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి సర్. బడి వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఎంట్రీలు, ఫేస్ అటెండెన్స్, పిల్లల చదువు రికార్డు కోసం ఇచ్చే 12 అంకెల అపార్ ఐడీ, అన్నీ మా టీచర్లు సొంత ఫోన్లో సొంత డేటాతోనే చేస్తున్నారు. అపార్‌కి బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటే ఉండాలి, ఒక్క అక్షరం తేడాకి కూలి మానుకుని తిరిగిన తల్లులు మా గల్లీలో ఉన్నారు. లెక్కల మేడమ్ పీరియడ్ సర్వర్ కోసం చూడ్డంలోనే పోతే నష్టం పదో తరగతి పిల్లలకే కదా. నా బిడ్డ కీబోర్డ్‌ని పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పడుతోంది, చాలా బాధగా ఉంది సర్.

మేం కొత్త మెషీన్లు అడగట్లేదు. మండలానికో టెక్నీషియన్‌ని పెట్టండి, కంప్లయింట్‌కి నంబర్ ఇవ్వండి, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో రాసివ్వండి, డేటా ఎంట్రీకి వేరే మనిషిని ఇవ్వండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లోపు మీ సంతకంతో జవాబు కావాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి