మెంబ్రేన్లు ఎవరు మార్చాలి?

సంపాదకుల వారికి,

ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే పల్లెల్లో ఆర్వో (తాగునీటి శుద్ధి) ప్లాంట్ల ప్రారంభోత్సవాలు ఊపందుకుంటాయి. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెట్టాల్సిన సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సొమ్మును మార్చి 31 లోగా ఖర్చు చూపించాలన్న తొందర అది. షెడ్డు, రంగులు, శిలాఫలకం, రిబ్బను అన్నీ వేళకు అమరుతాయి. చాలాచోట్ల రెండేళ్లు తిరక్కుండానే ఆ షెడ్డుకు తాళం పడుతుంది. యంత్రం నాసిరకమని అందరూ అనేస్తారు గానీ, లోపం ఎక్కువసార్లు ప్లాంటును ఊరికి అప్పగించే కాగితంలోనే ఉంటుంది.

గంటకు వెయ్యి లీటర్లిచ్చే మామూలు ప్లాంటునే చూద్దాం. బోరు నీళ్లు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి దాటాక హైప్రెషర్ మోటారు వాటిని నాలుగు మెంబ్రేన్లలోకి, అంటే నీటిలో కరిగిన లవణాలను వడకట్టే పొరల్లోకి తోస్తుంది. మూడు వందల ఇళ్లకు ఇరవై లీటర్ల క్యాను చొప్పున రోజుకు 6 వేల లీటర్లు కావాలి. తోడిన దాంట్లో సగమే తాగే నీరుగా వస్తుంది కాబట్టి 12 వేల లీటర్లు తోడాలి. మెంబ్రేన్లకు సున్నం పట్టకుండా ఆ నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల లెక్కన యాంటీస్కేలెంట్ కలపాలి. రోజుకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర, అంతే. ఆ డబ్బా అడుగంటినా డోసింగ్ పంపు టక్కుటక్కుమని కొట్టుకుంటూనే ఉంటుంది, నీళ్లూ వస్తూనే ఉంటాయి. ఎవరికీ అనుమానం రాదు. కొన్ని వారాలకు వెయ్యి లీటర్లు ఏడు వందలవుతాయి, తర్వాత ఐదు వందలు. ఆపరేటరు ధార పెంచాలని, వ్యర్థ నీటిని బయటికి వదిలే రిజెక్ట్ వాల్వు ఇంకాస్త బిగిస్తాడు. ఆ బిగింపుతో సున్నం మరింత వేగంగా పేరుకుంటుంది. నాలుగు మెంబ్రేన్లూ మార్చాలంటే ఎంత లేదన్నా నలభై వేలు. ఆ నలభై వేలు ఎవరిస్తారన్నది ప్రారంభోత్సవం రోజున ఎవరూ అడగరు.

ఇంకో దెబ్బ బ్లీచింగ్ పౌడరుది. పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతారు, అది చేయాల్సిన పనే. ఆ ట్యాంకు నుంచే ప్లాంటుకు లైను ఇచ్చి, కార్బన్‌ను ఏళ్ల తరబడి మార్చకపోతే క్లోరిన్ నేరుగా వెళ్లి మెంబ్రేన్‌ను తినేస్తుంది. సున్నం పడితే యాసిడ్‌తో కడిగి కొంతైనా దారికి తేవచ్చు. క్లోరిన్ తిన్న మెంబ్రేన్ మాత్రం బాగుపడదు, మార్చాల్సిందే.

ఇక జమాఖర్చులు. 2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం పెట్టిన ధర 20 లీటర్లకు 2 రూపాయలు. ఆ ధరకు మూడు వందల ఇళ్లూ రోజూ కొంటే నెలకు 18 వేలు వస్తాయి. ఆపరేటరుకు 8 వేలు, రోజుకు 20 యూనిట్ల చొప్పున కరెంటుకు నాలుగున్నర వేలు, కార్ట్రిడ్జిలకూ మందులకూ 2 వేలు పోతే మూడున్నర వేలు మిగులుతాయి. మెంబ్రేన్ల కోసం విడిగా దాచుకుంటే ప్లాంటు నడుస్తుంది. అదే సగం ఇళ్లే కొంటే వచ్చేది 9 వేలు. ఆపరేటరుకూ కరెంటు బిల్లుకూ కూడా అది చాలదు. వానాకాలంలో అమ్మకం పడిపోతుందని ప్లాంటు నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు, ప్రతిపాదన రాసే కన్సల్టెంటుకు తప్ప.

మా దర్శి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఇక్కడ ఫ్లోరోసిస్‌ను (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బు) గుర్తించారు. ఇలాంటి చోట ప్లాంటు పెట్టేది ఫ్లోరైడ్ కోసమే. కానీ ఊళ్లో నీటిని పరీక్షించేది పెన్నులాంటి టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరుతో. అది ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. పైగా, ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటే ఆపరేటరు మిక్సింగ్ వాల్వు తిప్పి కొంత బోరు నీరు కలుపుతాడు. బోరు నీటిలో లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, నాలుగో వంతు కలిపినా 1.25 మిల్లీగ్రాములు తిరిగొచ్చినట్టే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కోరుకునే హద్దు 1 మిల్లీగ్రాము, మరో నీటి ఆధారం లేని చోట 1.5. మీటరు మీద అంకె చక్కగా కనబడుతుంది, రుచీ బాగుంటుంది, పిల్లల పళ్లు మాత్రం గారపడుతూనే ఉంటాయి. మిగిలిన సగం రిజెక్ట్ నీటిలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపవుతుంది. దాన్ని బోరు పక్కనే ఇంకుడు గుంతలోకి వదిలిన ఊళ్లున్నాయి!

ఇవన్నీ చట్టం ఒప్పుకోక జరుగుతున్నవి కావు. 2021 జనవరి సవరణ తర్వాతి సీఎస్ఆర్ నిబంధనలు 'కొనసాగే ప్రాజెక్టు'కు మొదలుపెట్టిన ఏడాది పోగా మూడేళ్ల వ్యవధి ఇస్తున్నాయి. ఖర్చు కాని సొమ్మును ఏప్రిల్ 30 లోగా ప్రత్యేక ఖాతాలో వేసుకుంటే చాలు, మార్చిలో తోసుకోనక్కర్లేదు. మెంబ్రేన్ల ఆయుష్షు రెండు మూడేళ్లు. అంటే మొదటి మార్పిడి ఖర్చును ప్రాజెక్టులోనే పెట్టవచ్చు. అయినా ఎక్కువ కంపెనీలు ఒకే ఏడాదిలో బిల్లు ముగించే పనినే ఎంచుకుంటాయి. పని వల్ల ఎంత మేలు జరిగిందో చూసే ప్రభావ అంచనా తప్పనిసరి అయ్యేది సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకు, అదీ కోటి రూపాయలు, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకే. ఊరికొకటి చొప్పున విడిగా చూపించిన ప్లాంట్ల జోలికి ఎవరూ వెళ్లరు.

పైగా, నిబంధనల ప్రకారం ఇలాంటి ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థకో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘానికో, సీఎస్ఆర్ నమోదు ఉన్న ట్రస్టుకో, సొసైటీకో చెందాలి. కాబట్టి అప్పగింత కాగితమే ప్రాణం. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, బకాయి ఎవరిది, అమ్మకం సొమ్ము ఏ ఖాతాలో పడుతుంది, మొదటి మూడేళ్ల విడిభాగాలు ఎవరు తెస్తారు, రిజెక్ట్ నీరు ఎటు పోతుంది అన్నవి అందులో రాసి ఉండాలి. పంచాయతీ కన్నా మహిళా సంఘాల గ్రామ సమాఖ్యకు నిర్వహణ అప్పగించడం మేలని మా అభిప్రాయం. నెలనెలా పద్దు రాసే అలవాటు వాళ్లకు ముందే ఉంది.

అసలు ఆర్వో అక్కర్లేని ఊళ్లూ ఉన్నాయి. మే నెలలో, వానల తర్వాత మరోసారి బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో టీడీఎస్, కాఠిన్యం, ఇనుము, ఫ్లోరైడ్‌లకు పరీక్ష చేయించి, మే అంకెలతోనే డిజైన్ చేయాలి. నదీజలం శుద్ధి చేసి ఇస్తున్న పైపులైను సక్రమంగా నడుస్తున్న చోట ఆ డబ్బును పైపుల లీకులకూ క్లోరినేటర్‌కూ పెడితే ఎక్కువ పని జరుగుతుంది. దానికి రిబ్బను కట్టడానికి చోటు ఉండదు, అదే చిక్కు.

ప్లాంటుకు స్థలం కేటాయించేటప్పుడే జిల్లా యంత్రాంగం ఒక షరతు పెట్టాలని కోరుతున్నాం. శిలాఫలకం పక్కన నల్లబల్ల ఉంచి, చివరి ఫ్లోరైడ్ పరీక్ష తేదీ, అంకె, మెంబ్రేన్లు మార్చిన తేదీ, నెల జమాఖర్చు రాయించాలి.

ఇట్లు,
పాఠకులు, దర్శి